జంగప్ప చిటికెడు

వికారాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీ ఉంది. పేరు చెప్పను. చెబితే ప్రిన్సిపల్‌గారు మా ఇంటికొచ్చి కూర్చుంటారు. ఆ కాలేజీలో మైక్రోబయాలజీ ల్యాబ్ తలుపు పొద్దున తీసేది జంగప్ప, సాయంత్రం వేసేది జంగప్ప. నడుమ జరిగేదంతా చదువుకున్నవాళ్ల వ్యవహారం. ఇరవై రెండేళ్లు అలాగే గడిచాయి. ఆ ల్యాబ్‌లో ప్రతి సీసా మీదా పేరుంది, ప్రతి బల్ల మీదా నంబరుంది. ఆఖరికి చీపురుకు కూడా స్టాకు రిజిస్టర్‌లో ఒక వరస ఉంది. జంగప్ప పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. హాజరు పట్టీలో సైతం 'అటెండర్-2' అనే ఉండేది. ఆ అటెండర్-1 ఎవరో, ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు.

సొంతూరు మర్పల్లి. తాతముత్తాతల నుంచి గొర్లు కాసిన ఇల్లు. ఇప్పటికీ నలభై గొర్లున్నాయి, వాటిని భార్య బుగ్గమ్మ చూసుకుంటుంది. ఈయన ఏడింటి బస్సెక్కి వచ్చి సూక్ష్మజీవులను చూసుకుంటాడు.

"పాలియ్యవు, ఉన్నియ్యవు, కండ్లకు గుడ కానరావు. గవ్విటికి నీ కావలెందుకయ్యా?" అనేది బుగ్గమ్మ.

దీనికి జవాబు అంబిక మేడం దగ్గర ఉంది. ఆవిడ అక్కడ లెక్చరర్, పీహెచ్‌డీ చేస్తోంది, చేస్తూనే ఉంది, ఏడేళ్లుగా. తోలు మీది వెంట్రుకలు ఊడదీయడానికి ఫ్యాక్టరీల్లో ఘాటు రసాయనాలు వాడతారట. వాటికి బదులు మట్టిలో ఉండే బ్యాక్టీరియా చేత ఎంజైమ్ పుట్టించి, దాంతో ఆ పని చేయించాలన్నది ఆవిడ పట్టుదల. ఎంజైమ్ పుట్టడం ఒక ఎత్తు, చాలినంత పుట్టడం పది ఎత్తులు. ఎంత వేడిలో పెడితే ఎక్కువ పుడుతుంది, ఎన్ని గంటలుంచితే, ఏ మేత పెడితే... ఇదే ఏడేళ్ల కథ.

అసలు ఆ బ్యాక్టీరియా దొరికింది జంగప్ప పుణ్యాన. ఒకరోజు నేల తుడుస్తూ తుడుస్తూ, "మా దొడ్డిల రాలిన బొచ్చు నెల తిరిగెసరికి మాయమైతది మేడం," అన్నాడు. మేడం చేతిలో కలం ఆగిపోయింది. ఆ వచ్చే ఆదివారమే మర్పల్లి వచ్చి, గొర్ల దొడ్డిలో గొంతుకూర్చుని, చెంచాతో మట్టి తీసి కవర్లో పోసుకుంది. బుగ్గమ్మ బుగ్గన వేలేసుకుని చూసింది. "అయ్యో పాపం, బంగారం పోగొట్టుకున్నదా ఏంది?" అని మొగుణ్ణి అడిగింది.

మేడం గురించి ఒక్క ముక్క చెప్పాలి. చెప్పకపోతే ఇక ముందు జరిగేది అర్థం కాదు. ఆవిడ తన రిజిస్టర్‌లో ఒకసారి రాసిన అంకెను ఏనాడూ కొట్టేయలేదు, దిద్దలేదు. ఒకసారి ఫ్లాస్కులో ఈగ పడితే, ఆ పక్కనే బుద్ధిగా 'ఈగ, ఒకటి' అని రాసుకుంది. ఎవరైనా అడిగితే, "పడ్డది పడ్డట్టు రాయాలె," అనేది. తలుపు మీద కూడా అట్టముక్క వేలాడేది: 'ఫ్లాస్కులో మేడం చెప్పనిది ఏదీ వేయరాదు.'

సరే, బ్యాక్టీరియా వచ్చింది, కూర్చుంది, అలిగింది. సోయా పెట్టారు, బెల్లం పెట్టారు, చివరికి తాండూరు నుంచి కంది పొట్టు తెప్పించి ఉడకబెట్టి పెట్టారు. కంది పొట్టు మీద కాస్త మనసు పడింది గానీ, అంతంతే. ఎంజైమ్ ఎంత పుట్టిందో చూడటానికి పాలు కలిపిన తెల్లని ప్లేటు మీద ఒక చుక్క వేస్తారు. ఎంజైమ్ పాలను తినేసి, చుక్క చుట్టూ గుండ్రంగా ఖాళీ చేస్తుంది. ఆ గుండ్రం ఎంత పెద్దదైతే అంత ఎంజైమ్. జంగప్ప దాన్ని 'గుడి కట్టుడు' అనేవాడు, చందమామ చుట్టూ వాన ముందు కట్టే గుడిలాగా. మేడం ప్లేట్లలో గుడి ఎనిమిది మిల్లీమీటర్లు. ఎన్నిసార్లు చేసినా ఎనిమిదే.

"దగ్గర గుడి కడితె వాన దూరం మేడం," అని ఊరడించబోయాడు జంగప్ప.

మేడం నవ్వలేదు. తల పట్టుకుని కూర్చుంది. "ఎంత మంచి మేత పెట్టినా ముడతలేవు జంగన్నా. వాటి జాగల అవి సల్లగున్నయ్. నేనే తీస్కొచ్చి ఆగం చేసిన."

ఇదిగో, ఇక్కడ పడింది పీటముడి. చదువుకున్నవాడెవడైనా ఈ మాట విని ఊరుకుంటాడు. జంగప్ప గొర్లకాపరి. గొర్లను పాత దొడ్డి నుంచి కొత్త దొడ్డికి మారిస్తే, పాత దొడ్డి మట్టి ఒక చిటికెడు తెచ్చి కొత్త దానిలో చల్లాలని వాళ్లింట్లో ఆచారం. చల్లకపోతే గొర్లు బెంగపడతాయి, మేత ముట్టవు. వాళ్ల నాయన చల్లాడు, తాత చల్లాడు. మేడం నోటి నుంచి 'మేత ముడతలేవు' అన్న మాట రాగానే జంగప్పకు సంగతంతా తేటతెల్లమైంది. అయ్యో, ఏడేళ్లుగా ఇన్ని కోట్ల జీవాలను జాగా మార్చాం, ఒక్క చిటికెడు మట్టి చల్లినవాడు లేడే!

మర్నాడు సున్నం డబ్బీలో దొడ్డి మట్టి పోసుకొచ్చాడు. ఫ్లాస్కులకు దూది బిరడాలు పెట్టడం ఎలాగూ ఆయన పనే. బిరడా పెట్టే ముందు తలా ఒక చిటికెడు వేశాడు. లోపల కంది పొట్టు కషాయం ఎలాగూ మడ్డిగానే ఉంటుంది, ఎవరికీ కనపడలేదు. తర్వాత ఫ్లాస్కులను ఆటోక్లేవు అనే పెద్ద కుక్కర్లో ఉడికించారు, బ్యాక్టీరియాను వదిలారు, రెండు రోజులు ఊపారు, ప్లేటు మీద చుక్క వేశారు.

గుడి ఇరవై రెండు మిల్లీమీటర్లు కట్టింది.

మేడం స్కేలు మార్చి కొలిచింది. ఇరవై రెండే. ఆ రోజు ఆవిడ స్టాఫ్‌రూముకంతా మిర్చీ బజ్జీలు తెప్పించింది. జంగప్పకు రెండు ఎక్కువ వచ్చాయి. చెబుదామనుకున్నాడు. తలుపు మీది అట్టముక్క కనపడింది. నోట్లో మిర్చి కూడా ఉంది. చెప్పలేదు.

ఆ వారం చుట్టాల పెండ్లికి దోమ అనే ఊరు పోయాడు. ఆయన లేనప్పుడు చేసిన ఫ్లాస్కుల్లో మళ్లీ ఎనిమిది. తిరిగొచ్చాక ఇరవై రెండు. జ్వరం వచ్చి పడుకుంటే ఎనిమిది. లేచొస్తే ఇరవై రెండు. మేడం నిద్ర మానేసింది. నీళ్లు మార్చింది, దూది మార్చింది, ఫ్యాను ఆపింది. ఆఖరికి, ఆ రెండు రకాల రోజులకూ తేడా ఏమిటని రిజిస్టర్ ముందేసుకుని వెతికితే ఒక్కటే తేలింది. జంగప్ప.

"నాకు నమ్మకం లేదు జంగన్నా. కని లెక్క గట్లనే చెప్తున్నది," అంది మేడం మొహమాటంగా. "జర నువ్వు గా బల్ల కాడ నిలవడుతవా?"

ఇక మొదలైంది. వేడి, గంటలు, మేత అన్న కారకాల వరసలో జంగప్ప కూడా ఒక కారకమైపోయాడు. బల్ల నుంచి ఒక మీటరు దూరంలో నిలబెట్టారు: ఇరవై రెండు. మూడు మీటర్ల దూరంలో నిలబెట్టారు. అక్కడి నుంచి దూది అందించే నెపంతో మూడు ఫ్లాస్కుల్లో ఒకదాని దాకా చేయి పోయింది, సగటు పదమూడు వచ్చింది. వరండాలో ఐదు మీటర్ల అవతల కూర్చోబెట్టారు, చేయి అందలేదు: ఎనిమిది. ఎంత చక్కటి గీత వచ్చిందంటే, గ్రాఫు కాగితం మీద దాన్ని చూసి మేడం కళ్లు తిరిగాయి. గొంగడి కప్పుకుని ఒకసారి, కప్పుకోకుండా ఒకసారి నిలబెట్టారు. తేడా లేదు. తూర్పు ముఖం పెట్టించారు, చంకలో థర్మామీటరు పెట్టారు. ఏడేళ్ల పరిశోధన మొత్తంలో అంత నిలకడైన కారకం ఇంకొకటి లేదు.

గ్రాఫును గోడకు అంటించారు. కింద 'జంగప్ప నుండి దూరం, మీటర్లలో' అని రాశారు. జంగప్ప రోజూ పొద్దున తలుపు తీయగానే మొదట దాని ముందు నిలబడేవాడు. తన పేరు. అచ్చుగుద్దినట్టు ఉంది. సూటిగా చెబుతున్నాను, ఆయనకు భయం పోయి గర్వం పట్టుకుంది. మొదట బ్యాక్టీరియా ఆకలి కోసం వేసిన చిటికెడు, తర్వాత ఆ గ్రాఫు కోసం వేశాడు. అలా ఐదు నెలలు, అరవై మూడు ఫ్లాస్కులు.

థీసిస్ ఇవ్వడానికి యూనివర్సిటీ పెట్టిన ఆఖరి గడువు నెలాఖరు. అది దాటితే రిజిస్ట్రేషనే రద్దు, ఏడేళ్లూ గంగపాలు. సంతకం చేయాల్సిన గైడు విజయ్‌కుమార్ సారు హైదరాబాద్ నుంచి దిగాడు. గోడ మీది గ్రాఫు ముందు చాలాసేపు నిలబడి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అంబికా, ఇది నేను సంతకం పెడితే నన్ను పిచ్చాసుపత్రికి పంపుతారు. ఇవాళ నా కళ్లముందు ఫ్లాస్కులు తయారు చేయి. ఈ మనిషి ఈ ఊళ్లోనే ఉండకూడదు. అతను ఏదో కలుపుతున్నాడు."

జంగప్ప అప్పుడే చాయ్ ట్రేతో గుమ్మంలోకి వచ్చాడు.

"సార్, గామాటనకుండ్రి," అంది మేడం. ఆవిడ గొంతు పెరగడం జంగప్ప ఎన్నడూ వినలేదు. "నా ల్యాబ్‌ల నేను చెప్పనిది ఎవ్వలు ఏం వెయ్యరు. జంగన్న ఇరవై రెండేండ్ల సంది ఉన్నడు. ఆయన మీద అనుమానమంటే నా మీద అనుమానమే."

జంగప్ప ట్రే బల్ల మీద పెట్టాడు. మేడం తిరిగి చూసి, "జంగన్నా, నువ్వు తాండూరు పోయి కంది పొట్టు తీస్కరా. సార్‌కు నేను చూపెడత," అంది. ఎంత ధీమాగా అంది!

తాండూరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఏం లాభం, కిటికీ బయట ఏముందో ఆయనకు కనపడలేదు. చిటికెడు పడని ఫ్లాస్కులు ఎనిమిదే కడతాయి. మేడం ఏడేళ్లు మునుగుతాయి. నిజం చెబితే గోడ మీది పేరు పోతుంది, నౌకరీ పోవచ్చు, అందరి ముందూ మేడం మాట పోతుంది. చెప్పకపోతే మేడమే పోతుంది.

తాండూరులో కంది మిల్లు పక్కనే జహూర్ వాళ్ల బండల పాలిష్ యూనిట్. జంగప్ప వచ్చినప్పుడల్లా జహూర్ దగ్గర చాయ్ తాగడం అలవాటు. జహూర్ కనుబొమల దాకా తెల్లటి రాతిపొడి.

"క్యా జంగప్ప భాయ్, మొఖం గట్ల పెట్టినవేంది?"

"మా మేడం నోట్ల మన్ను కొట్టిన భాయ్," అని జంగప్ప కథంతా చెప్పేశాడు. చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

జహూర్ అంతా విని, ముందు పడీపడీ నవ్వాడు. తర్వాత, "నీ దొడ్డిల మన్నెక్కడిది భాయ్? ప్రతి వానకాలం దొడ్డి ఎండుగ ఉండాలె, గొర్ల గిట్టలు చెడొద్దని నా దగ్గర సంచులకు సంచులు రాతిపొడి తీస్కపోయి చల్లుతవు. సగం నా పొడే గదా గది!" అన్నాడు. లేచి గుప్పెడు పొడి కాగితంలో పొట్లం కట్టి జంగప్ప జేబులో పెట్టాడు. "పో, గిప్పుడే పో. నిజం రేపటికి ఉంచితె పాశిపోతది."

జంగప్ప కంది పొట్టు మరిచిపోయి బస్సెక్కాడు. ల్యాబ్‌కు చేరేసరికి మూడున్నర. ఫ్లాస్కులు ఇంకా కుక్కర్లోకి పోలేదు, బల్ల మీద వరుసగా ఉన్నాయి. సారు మండిపడ్డాడు.

"ఇతన్ని ఎవరు రానిచ్చారు?"

జంగప్ప సున్నం డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు. "సారు చెప్పిందే నిజం మేడం. నేనే ఏసిన. ఐదు నెల్ల సంది ఏస్తున్న. జాగ మారిన జీవాలు, మేత ముడతలెవ్వని మీరే అంటిరి. మా దొడ్డి మన్ను చిటికెడు ఏసిన. తర్వాత... తర్వాత నా పేరు గోడకెక్కినంక చెప్పబుద్ధి కాలె."

మేడం ముఖం పాలిపోయింది. "ఐదు నెల్లు జంగన్నా! మూడు మీటర్లని, ఐదు మీటర్లని నిన్ను నిలవెట్టి కొలుస్తుంటె... నీకు నోరెట్ల రాలేదు?" అంది. కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు చూస్తూ జంగప్ప, తిట్టినా బాగుండేదే అనుకున్నాడు.

తర్వాత ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని రిజిస్టర్ తెరిచింది. మొదటి ఫ్లాస్కు దగ్గర వేలు పెట్టి, "ఇండ్ల ఏసినవా?" అని అడిగింది. "ఏసిన." పక్కనే రాసింది: 'జంగప్ప, ఒక చిటికెడు.' రెండోది. "ఇండ్ల?" "ఏసిన." అలా ప్రతి ఫ్లాస్కు గురించీ అడిగింది, ఒక్క అంకె కొట్టేయలేదు. సారు మొదట విసుక్కున్నాడు గానీ, ఇరవయ్యో ఫ్లాస్కు వచ్చేసరికి తానూ కుర్చీ జరుపుకున్నాడు. అరవై మూడూ అయ్యాక ఆయన అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

"చిటికెడు అంటే ఎంత?"

చిటికెడంటే చిటికెడు! స్టోర్ కీపర్ అఫ్సర్‌ను పిలిచి డిజిటల్ త్రాసు తెప్పించారు. జంగప్ప చిటికెడు వేశాడు: సున్నా పాయింట్ నాలుగు గ్రాములు. తుడిచి మళ్లీ వేయించారు: సున్నా పాయింట్ నాలుగు. ముప్పై సార్లు వేయించారు, ముప్పై సార్లూ అంతే. సారుకు పంతం వచ్చి తాను వేసి చూశాడు. ఒకసారి సున్నా పాయింట్ రెండు, ఒకసారి సున్నా పాయింట్ తొమ్మిది. నలభై ఏళ్లుగా గొర్రె పిల్లలకు మందు చిటికెతో కొలిచి నాలుక మీద వేసిన చేయి అది. సారుకు ఎక్కడి నుంచి వస్తుంది?

"పరిశోధనలో కొలతకు వాడిన ప్రతిదీ పరికరాల రిజిస్టర్‌లో ఉండాలి. లేకపోతే పరీక్షకులు పట్టుకుంటారు," అన్నాడు సారు, సగం నవ్వుతూనే. అఫ్సర్‌కు సగం నవ్వులు తెలియవు. స్టాకు రిజిస్టర్ తెరిచి, ఇంక్యుబేటర్ కింద రాశాడు: 'ఐటమ్ 14. చిటికెడు పరికరం (జంగప్ప). ఒకటి. స్థితి: పనిచేయుచున్నది.' నంబరు స్టిక్కరు చింపి ఎక్కడ అంటించాలో తెలియక జంగప్ప చొక్కా జేబు మీద అంటించాడు.

గడువుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. జంగప్ప జేబులోంచి తీసిచ్చిన పొట్లం విప్పి, దొడ్డి మట్టి వేరుగా, జహూర్ రాతిపొడి వేరుగా, త్రాసులో తూచి వేసి చూశారు. రాతిపొడి ఒక్కటే వేసినా గుడి ఇరవై రెండు కట్టింది. జంగప్ప వరండాలో ఉన్నా కట్టింది, మర్పల్లిలో ఉన్నా కట్టింది. తాండూరు బండ సున్నపురాయి కాబట్టి, దాని పొడిలోని సున్నం ఆ బ్యాక్టీరియాకు పడిందని సారు చెప్పాడు, సంతకం పెట్టాడు. మేడం డాక్టర్ అంబిక అయింది. గోడ మీది గ్రాఫు అబద్ధమని తేలింది కాబట్టి తీసేయాలి. ల్యాబ్‌లో గోడలకు అంటించినవి తీసేది ఎవరు? అటెండర్. జంగప్పే స్టూలు వేసుకుని తన పేరు గీకి తీశాడు. చెప్పొద్దూ, ఆ రోజు అన్నం సహించలేదు.

ఆ మరుసటి ఏడు రిటైరయ్యాడు. శాలువా కప్పారు, లడ్డూలు పంచారు. అఫ్సర్ మాత్రం స్టోర్‌కు బాకీ ఏమీ లేదన్న కాగితం మీద సంతకం పెట్టనన్నాడు.

"ఐటమ్ 14 స్టోర్‌ల అప్పజెప్పాలె జంగప్ప భాయ్. ఇంటికి తీస్కపోతె ఆడిట్ల నా మెడకు చుట్టుకుంటది."

"నేనెట్ల అప్పజెప్పాలె అఫ్సర్ భాయ్? అల్మారల కూసోవాల్నా?"

పనికిరాని వస్తువని తీసేయాలంటే కమిటీ వేయాలి. వేశారు. ముగ్గురు లెక్చరర్లు కూర్చుని చిటికెడు వేయించారు. సున్నా పాయింట్ నాలుగు. పనిచేసే పరికరాన్ని తీసేయడానికి నిబంధనలు ఒప్పుకోవని రాసి లేచిపోయారు. చివరికి ఒక దారి దొరికింది: పరికరం మర్పల్లిలో ఉంచబడును, ఏటా మార్చిలో స్టాకు తనిఖీకి హాజరుపరచబడును. ఒకే కాలేజీ, ఒక ఫైల్లో ఈయన వయసు మీరింది పొమ్మంది, ఇంకో ఫైల్లో పారేయడానికి వీల్లేదంది. బుగ్గమ్మ ఆ కాగితాన్ని పక్కింటి శ్రేయ చేత చదివించుకుని, రేషన్ కార్డు వెనక దాచింది.

పోయిన మార్చిలో జంగప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏడింటి బస్సెక్కాడు. ల్యాబ్‌లో అందరూ లేచి కుర్చీ ఇచ్చారు. అఫ్సర్ త్రాసు పెట్టాడు, మేడం రిజిస్టర్ పట్టుకుంది. జంగప్ప చిటికెడు తీశాడు. ఈ మధ్య చలికాలం నుంచి వేళ్లు కొంచెం వణుకుతున్నాయి, ఇంట్లో చెప్పలేదు. వేశాడు.

సున్నా పాయింట్ ఆరు.

మళ్లీ వేశాడు. సున్నా పాయింట్ మూడు. అఫ్సర్ కలం గాల్లో ఆగింది. స్థితి గడిలో ఏం రాయాలో అతనికి తెలుసు, రాయడం ఇష్టం లేదు.

"నాలుగని రాసుకో అఫ్సర్ భాయ్," అనలేదు జంగప్ప. అనాలనిపించింది. గోడ మీది గ్రాఫు గుర్తొచ్చింది. "పడ్డది పడ్డట్టు రాయుండ్రి మేడం," అన్నాడు.

మేడం రెండు అంకెలూ రాసింది, సున్నా పాయింట్ ఆరు, సున్నా పాయింట్ మూడు. ఎప్పటిలాగే, ఒక్కటీ దిద్దకుండా. తర్వాత రిమార్కుల గడిలో ఒక వాక్యం రాసి, సంతకం చేసి, రిజిస్టర్‌ను అఫ్సర్ వైపు తిప్పింది. అఫ్సర్ పైకి చదివాడు:

"ఐటమ్ 14 సరిగానే ఉన్నది. త్రాసు చెడిపోయినది. మరమ్మతుకు పంపవలెను."

ఆ సాయంత్రమే త్రాసును అట్టపెట్టెలో కట్టి హైదరాబాద్ పంపించారు.